గళ్ల లుంగీకి ఆ పేరెక్కడిది?



ఈ పూట మనం లుంగీ గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా దాని పేరు గురించి. లుంగీకి లుంగీ అనే పేరు ఎవరు పెట్టారు? అది మన మాటేనా? మనది కాకపోతే ఎక్కడి నుంచి వచ్చింది?

మన మర్రిపాడు వైపు లుంగీ లేని ఇల్లు ఉండదు. పొగాకు అమ్మకాల రోజుల్లో డి.సి.పల్లి వేలం కేంద్రం దగ్గర కాసేపు నిలబడి చూడండి. బేళ్లు దించే హమాలీలు లుంగీలు మోకాళ్ల పైకి ఎగగట్టుకుని ఉంటారు. ధర ఎంత పలుకుతుందోనని ఎదురుచూసే రైతు కూడా చాలాసార్లు లుంగీలోనే ఉంటాడు. రాత్రి చేను కాపలాకు పోతే అదే దుప్పటి అవుతుంది. ఇంతగా మనలో కలిసిపోయిన గుడ్డ కదా. దాని పేరు కూడా మనదే అయి ఉంటుందని అనుకోవడం సహజం.

అలా అనుకోవడానికి ఒక ఆధారం కూడా దొరుకుతుంది. మన తెలుగులో లుంగ అనే మాట ఉంది. కడుపునొప్పితో మనిషి లుంగలు చుట్టుకుపోయాడంటాం. గుడ్డను లుంగ చుట్టి మూలన పడేశాడంటాం. నడుముకు చుట్టుకునే గుడ్డ గనుక లుంగీ అయిందని ఎవరైనా చెబితే, అవును కదా అనిపిస్తుంది. చెవికి ఇంపుగానే ఉంది. అయినా అది నిజం కాదు.

ఎందుకు కాదో మీరే తేల్చుకోవచ్చు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక చిన్న పరీక్ష చాలు. ఏదైనా బట్ట పేరు మనదే అనిపించినప్పుడు, అదే పేరు ఇంకా ఎక్కడెక్కడ వినపడుతుందో కనుక్కోండి. అక్కడి జనం ఆ పేరుతో ఏం కట్టుకుంటున్నారో అడగండి. మళ్లీ చెబుతున్నాను. ఆ పేరు ఇంకెక్కడ ఉంది? అక్కడ ఆ పేరుతో ఏం కడుతున్నారు? ఈ రెండే ప్రశ్నలు.

లుంగీని ఈ పరీక్షకు పెడదాం. ఇప్పటి పాకిస్తాన్‌లో పెషావర్ అనే ఊరుంది. అక్కడ లుంగీ అంటే తలపాగా. నడుముకు కట్టేది కాదు, తలకు చుట్టేది. పెషావరీ లుంగీ అంటే అక్కడ మర్యాదస్తుల తలపాగా. మరికొంచెం పడమటికి పోదాం. ఇరాన్‌లో హమ్మాం అని పెద్ద పెద్ద స్నానశాలలు ఉండేవి. అందులోకి పోయే మగవాళ్లు నడుముకు ఒక గుడ్డ చుట్టుకునేవాళ్లు. ఎర్ర గళ్ల గుడ్డ. దాని పేరు పారశీక భాషలో లుంగ్. ఇప్పుడక్కడ లోంగ్ అని పలుకుతారు. ఎర్ర గళ్లు, నడుముకు కట్టు, పేరు లుంగ్. ఇక తూర్పుకు రండి. బర్మాలో మగవాళ్లు కట్టేది లొంజీ. అక్కడ పూర్వం పసో అనే చాలా పొడవాటి గుడ్డ కట్టేవాళ్లు. బ్రిటిష్ ఏలుబడిలో అది తగ్గిపోయి, గొట్టంలా కుట్టిన లొంజీ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి. లుంగ చుట్టడం అనే మన తెలుగు మాట నుంచే ఈ పేరు పుట్టి ఉంటే, ఇరాన్ స్నానశాలకు ఎలా పోయింది? పెషావర్ వాళ్ల తలమీదికి ఎలా ఎక్కింది? పోలేదు. దారి అటు నుంచి ఇటు. పారశీకంలో పుట్టిన మాట ఉర్దూ, హిందుస్తానీల మీదుగా మనదాకా వచ్చింది. మన లుంగకూ ఈ లుంగీకీ చుట్టరికం లేదు.

పైజామా కూడా ఇలాంటిదే. పారశీకంలో పాయ్ అంటే కాలు. జామా అంటే బట్ట. కాళ్లకు తొడిగే బట్ట పైజామా. మన చెవికి పై అన్న మాట వినపడుతుంది గానీ, పైకీ కిందికీ దానితో పనిలేదు.

సరే. పేరు బయటి నుంచి వచ్చింది. మరి గుడ్డ? పేరు వచ్చేదాకా మనవాళ్లు నడుముకు గుడ్డ చుట్టుకోలేదా? చుట్టుకోకేం. పంచెను గోచీ పెట్టకుండా నడుముకు అడ్డంగా చుట్టుకుంటే అది అడ్డపంచె. ఎంత చక్కటి మాటో చూడండి. కట్టే తీరంతా ఆ మాటలోనే ఉంది. అడ్డపంచె తెల్లగుడ్డ. రంగు గళ్ల గుడ్డ వచ్చేసరికి దానికి వేరే పేరు కావలసి వచ్చింది. లుంగీ అనే పేరు ఆ ఖాళీలో వచ్చి కూర్చుంది. తమిళనాడులో కైలి అనే పేరు కూర్చుంది.

ఇక్కడ అసలు విశేషం ఉంది. పేరు పడమటి నుంచి మనకు వచ్చింది కదా. గళ్ల గుడ్డ మాత్రం మన తీరం నుంచే తూర్పుకు పోయింది. పోతూ పోతూ మన పక్కనున్న రేవు పేరును తనతో తీసుకుపోయింది. ఆ కథ మన నెల్లూరు సీమకు చాలా దగ్గరిది.

ఇండోనేషియాలో, మలేషియాలో మగవాళ్లు కట్టే గుడ్డను సారుంగ్ అంటారు. మనం సారంగ్ అనేది దాన్నే. వాళ్ల భాషలో సారుంగ్ అంటే ఒర. కత్తికి ఒర ఉన్నట్టు ఒంటికి ఒర. అందులో గళ్లు ఉన్న రకానికి ప్రత్యేకంగా ఒక పేరుంది. ఇండోనేషియాలో సారుంగ్ పలేకత్ అంటారు. మలేషియాలో కాయిన్ పెలికత్ అంటారు. మసీదుకు పోయేటప్పుడు కడతారు. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు కడతారు. చూస్తే అచ్చం మన గళ్ల లుంగీ. మరి ఈ పలేకత్ ఏమిటి?

పలేకత్ అంటే పులికాట్. మన సూళ్లూరుపేట పక్కన, ఫ్లెమింగో పక్షులు వచ్చే ఆ ఉప్పునీటి సరస్సే పులికాట్. దాని దక్షిణపు కొసన, ఇప్పుడు తమిళనాడులో ఉన్న రేవు ఊరు కూడా పులికాట్. తమిళంలో పళవేర్కాడు. సరస్సును మనవాళ్లు ప్రళయకావేరి అని కూడా పిలిచారు.

విజయనగర రాజుల కాలంలో అది తూర్పు తీరంలో వాళ్లకు పెద్ద రేవు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలిచాడని మీకు తెలుసు. ఆ రోజుల మాటే ఇది. దువార్తె బర్బోసా అనే పోర్చుగీసు ఉద్యోగి ఆ కాలపు రేవుల గురించి ఒక పుస్తకం రాశాడు. పులికాట్‌లో రంగు గుడ్డలు విరివిగా దొరికేవనీ, మలక్కాలో, పెగూలో, సుమత్రాలో వాటికి మంచి ధర పలికేదనీ అందులో ఉంది. పెగూ అంటే దిగువ బర్మా.

తర్వాత డచ్చివాళ్లు వచ్చారు. వాళ్లనే మనం ఒలందావాళ్లు అంటాం. 1610లో పులికాట్‌లో స్థావరం పెట్టారు. 1613లో గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. వాళ్లకు కావలసింది లవంగాలు, జాజికాయ. అవి దొరికేది ఇండోనేషియా దీవుల్లో. ఆ దీవులవాళ్లు సుగంధ ద్రవ్యాలకు బదులుగా ఎక్కువగా కోరింది గుడ్డ. అదీ మన తీరం గుడ్డ. అందుకని డచ్చివాళ్లు ఇక్కడ గుడ్డ కొన్నారు. ఓడల్లో అక్కడికి తీసుకుపోయారు. గుడ్డ ఇచ్చి లవంగాలు తీసుకున్నారు.

ఆ గుడ్డ అంతా పులికాట్‌లోనే నేసిందా? కాదు. రేవు చుట్టూ, రేవు వెనకాల, లోపలి ఊళ్లలో నేసేవాళ్లు. రేవుకు చేర్చేవాళ్లు. ఓడ ఎక్కేది పులికాట్‌లో. అందుకే దీవుల్లో దాని పేరు పలేకత్.

దీన్ని మన ఉదయగిరి చెంచాలతో పోల్చి చూడండి. ఉదయగిరిలో కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతున్నాయి. హైదరాబాదు ఎగ్జిబిషన్లో కొన్నవాళ్లు ఉదయగిరి చెంచా అని చెప్పుకుంటారు. ఉదయగిరిలో చెక్కే మనిషి ఎప్పుడైనా ఉదయగిరి చెంచా అంటాడా? అనడు. ఆయనకు అది చెంచా, అంతే. కావాలంటే ఆ చెక్క పేరు చెబుతాడు, పిడిమీద ఉన్న నగిషీ పేరు చెబుతాడు. ఊరి పేరు చెప్పాల్సిన అవసరం కొన్నవాడికే. దూరంగా ఉన్నవాడికే. గుడ్డ సంగతీ ఇంతే. పులికాట్ వెనకాల ఊళ్లలో మగ్గం మీద కూర్చున్న మనిషి తను నేసేది పులికాట్ గుడ్డ అని అనుకుని ఉండడు.

కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి. బట్టకు ఉన్న ఊరి పేరు చాలాసార్లు నేసిన ఊరిది కాదు. చేతులు మారిన ఊరిది. ఓడ ఎక్కిన ఊరిది.

దీనికి ఇంకో రుజువు కూడా మన తీరంలోనే ఉంది. దుగరాజపట్నం అని వినే ఉంటారు. పాత నెల్లూరు జిల్లాలోది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు అక్కడ గిడ్డంగి పెట్టారు. వాళ్లు ఆ చోటును ఆర్మగాన్ అని పిలిచారు. తమకు సాయం చేసిన ఆరుముగం అనే పెద్దమనిషి పేరు మీద అలా పిలిచారని చెబుతారు. అక్కడ ఫ్రాన్సిస్ డే అనే అధికారి ఉండేవాడు. గుడ్డ ఇంకా చవగ్గా దొరికే చోటు కోసం ఆయన దక్షిణానికి వెతుక్కుంటూ పోయాడు. 1639లో ఒక ఇసుక తిన్నె మీద స్థలం సంపాదించాడు. 1640లో ఆర్మగాన్ నుంచి మకాం అక్కడికి మారింది. అదే మద్రాసు.

ఆ తర్వాత ఏమైంది? ఈ తీరంలో నేసిన గళ్ల గుడ్డకు ప్రపంచంలో మద్రాస్ చెక్స్ అనే పేరు స్థిరపడింది. వెస్టిండీస్ దీవుల్లో, మార్టినిక్‌లో, సెయింట్ లూసియాలో ఆడవాళ్లు పండగలకు తలకు గళ్ల గుడ్డ కడతారు. దాని పేరే మద్రాస్. ఫ్రాన్సిస్ డే దుగరాజపట్నంలోనే ఉండిపోయి ఉంటే, ఇవాళ ఆ దీవుల్లో దాన్ని ఆర్మగాన్ అని పిలిచేవాళ్లేమో. గుడ్డ అదే. నేతగాళ్లు వాళ్లే. రేవు మారింది, పేరు మారింది.

ఇంకా దూరం పోయింది ఈ పేర్ల సంగతి. స్కాట్లాండులో గ్లాస్గో చుట్టుపక్కల నేతగాళ్లు మన గళ్ల రుమాళ్లను చూసి, అదే మాదిరి తామూ నేయడం మొదలుపెట్టారు. దానికి పుల్లికేట్ అని పేరు పెట్టుకున్నారు. పులికాట్‌కు ఎన్నడూ రాని మనిషి, పులికాట్‌లో వడకని నూలుతో, పులికాట్ అనే గుడ్డ నేశాడన్నమాట.

ఇప్పుడు గళ్ల సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. మీ ఇంట్లో మగ్గం మీద నేసిన గళ్ల లుంగీ ఉంటే చేతిలోకి తీసుకోండి. వెనక్కి తిప్పండి. ముందూ వెనకా తేడా కనపడదు. రంగు రెండువైపులా ఒక్కలాగే ఉంటుంది. ఎందుకంటే ఆ గళ్లు అద్దినవి కావు. నేసినవి. నూలుకు ముందే రంగు పెడతారు. పడుగులో కొన్ని ఎర్రపోగులు, కొన్ని తెల్లపోగులు సర్దుతారు. పేకలోనూ అలాగే వేస్తారు. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడిన చోట ముదురు గడి వస్తుంది. ఎర్ర మీద తెలుపు పడిన చోట లేత గడి వస్తుంది. తెలుపు మీద తెలుపు పడితే తెల్ల గడి. రెండే రంగులు, మూడు ఛాయలు. గళ్లు వెనకవైపు పాలిపోయి కనిపించాయంటే, అది గుడ్డ మీద అచ్చేసిన లుంగీ అని తెలుసుకోవచ్చు. కొనేటప్పుడు ఇది పనికొచ్చే సంగతి. మడత విప్పి వెనక్కి తిప్పి చూడండి.

పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. దాని వేరులో ఎర్ర రంగు ఉంటుంది. ఉతికిన కొద్దీ నిగ్గు తేలే ఎరుపు. మన తీరం గుడ్డకు అంత గిరాకీ రావడానికి ఆ వేరు ఒక ముఖ్య కారణం.

ఇంత పని చేసిన మనిషి మాట ఒక్కటైనా ఆ గుడ్డ పేరులో మిగిలిందా? నాకు బాధగా అనిపించేది ఇక్కడే. ఓడవాడి మాట మిగిలింది. రేవు పేరు మిగిలింది. మగ్గం దగ్గరి మాట చాలావరకు పోయింది.

అయితే ఒక్క మాట నిలిచింది. పుంజం. నేతవాళ్ల ఇళ్లలో పెద్దలకు ఈ మాట తెలుస్తుంది. పడుగులో 120 పోగులు ఒక పుంజం. గుడ్డ వెడల్పు అంతే ఉండి, పుంజాలు పెరిగాయంటే గుడ్డ చిక్కగా, సన్నగా ఉందని అర్థం. ఇంగ్లీషు కంపెనీ చిట్టాల్లో ఈ మాట పుంజం అనే కనిపిస్తుంది. ఇన్ని పుంజాల గుడ్డ, అన్ని పుంజాల గుడ్డ అని రాసుకున్నారు. ఎందుకు దాన్ని మార్చలేదు? ధర దాని మీద ఆధారపడింది గనుక. పుంజం తెలియకపోతే కొనేవాడు మోసపోతాడు. డబ్బు ముడిపడిన చోట నేతగాడి మాటను వాళ్లు జాగ్రత్తగా నేర్చుకున్నారు. మిగతా చోట్ల తమకు వీలైన పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు మన రెండు ప్రశ్నల పరీక్షను ఇంకో మాట మీద పెడదాం. రుమాలు. ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. ఇదీ పారశీకమే. రూ అంటే ముఖం. మాల్ అంటే తుడిచేది. ముఖం తుడుచుకునే గుడ్డ రుమాలు. మరి మన పల్లెల్లో పాతకాలపు పెద్దవాళ్లు రుమాలు ఎక్కడ కట్టారు? తలకు. రుమాలు చుట్టుకుని పెళ్లికి పోయాడంటే తలపాగా చుట్టుకున్నాడని అర్థం.

చీరాలలో తేలియా రుమాలు నేసేవాళ్లు. తేల్ అంటే నూనె. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. ఎర్రరంగు గట్టిగా పట్టడానికి ఆ శ్రమంతా. నేసిన తర్వాత కూడా గుడ్డలో నూనె వాసన ఉంటుంది. ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయాయి. అక్కడ ఎండకు తలకు కట్టుకున్నారు. ముఖం తుడుచుకునే గుడ్డ అన్న పేరుతో తలపాగా అన్నమాట.

అదే చీరాల చుట్టుపక్కల ఊళ్లలో గళ్ల గుడ్డ ఇంకో రకం కూడా నేశారు. దాన్ని వ్యాపారులు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అన్నారు. పేరు చూస్తే చేతిరుమాలు. అది పోయింది పశ్చిమ ఆఫ్రికాకు. నైజీరియాలో, నైజర్ నది సముద్రంలో కలిసే చోట కలబారి అనే జనం ఉన్నారు. వాళ్లు దాన్ని నడుముకు కట్టుకుంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఇంజిరి. పుట్టుకకు, పెళ్లికి, చావుకు వాళ్లకు ఆ గుడ్డ కావాలి. అక్కడి ఆడవాళ్లు ఇంకో పని కూడా చేస్తారు. గళ్లలో ఎంచిన పోగులను చిన్న కత్తితో కోసి, ఒక్కొక్కటే లాగేస్తారు. అలా లాగేసిన చోట కొత్త నమూనా తేలుతుంది. దానికి పెలెతె బితె అని పేరు. మనవాళ్లు పోగు పోగు పేర్చి నేసిన గళ్ల నుంచి, వాళ్లు పోగు పోగు తీసేసి తమ గుడ్డ చేసుకున్నారు. తమ పేరు పెట్టుకున్నారు.

మళ్లీ పలేకత్ దగ్గరికి వద్దాం. ఇండోనేషియాలో ఇప్పుడు సారుంగ్ జావాలోని గ్రెసిక్, పెకలొంగాన్, తెగాల్ వంటి ఊళ్లలోనే నేస్తున్నారు. అయినా గళ్లదాన్ని పలేకత్ అనే అంటున్నారు.

శ్రోతలకు ఒక విన్నపం. వెంకటగిరిలో, పాటూరులో, ఇంకా మన పాత నెల్లూరు జిల్లాలో మగ్గం ఉన్న ప్రతి ఊళ్లో, గళ్లకు, అంచులకు, రంగులకు నేతవాళ్లు వాడుకున్న పేర్లు ఉంటాయి. దుకాణంలో వినపడే పేర్లు కావు, మగ్గం గుంటలో కూర్చున్న మనిషి నోట వచ్చే పేర్లు. మీ ఇంట్లో అలాంటి పేర్లు తెలిసిన తాతయ్య, అమ్మమ్మ ఉంటే అడిగి రాసి పంపండి. పేరు పక్కన ఆ గుడ్డ ఎలా ఉంటుందో కూడా రెండు ముక్కలు రాయండి. ఎన్ని పోగులకు ఒక గడి, ఏ రంగు పక్కన ఏ రంగు, ఎవరు కొనేవాళ్లు, ఏ సంతలో అమ్మేవాళ్లు. తెలిసినంత రాయండి. వచ్చిన పేర్లన్నీ ఇదే సమయానికి మీకు చదివి వినిపిస్తాను.